మా మామ ఎడమ చెయ్యి

పొద్దున ఆరున్నరకు మా ఇంటి వెనక వేపచెట్టు కింద ఒక చప్పుడు మొదలవుతుంది. మెత్తగా ఉంటుంది, తడిగుడ్డను బండకేసి కొట్టినట్టు. ఒకటి వినిపిస్తుంది. కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ ఇంకొకటి. నేను పొయ్యి దగ్గర సంగటి గెలుకుతూ మనసులో లెక్కపెట్టుకుంటూ ఉంటాను. ఇరవై దాటితే ఆ రోజు మా మామ హుషారుగా ఉన్నట్టు. పదిలోపే ఆగిపోతే రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదని అర్థం.

ఆ చప్పుడు వెనక ఒక అమెరికా బాక్సర్ ఉన్నాడు. నవ్వకండి. ఐరాలలో వంటింటికి బాక్సింగ్‌తో ఏం పని అని నేను కూడా ఒకప్పుడు నవ్వినదాన్నే.

అసలు ఈ కథ నా చెయ్యితో మొదలైంది. నాది ఎడమచేతి వాటం. అన్నం తినడం, రాయడం కుడి చేత్తోనే. చిన్నప్పుడే మా అమ్మ నా ఎడమ చేతికి గుడ్డ చుట్టి మరీ నేర్పించింది. కానీ కత్తిపీట, గరిటె, చీపురు, ముగ్గు... వీటన్నిటికీ ఎడమ చెయ్యే ముందుకు వస్తుంది. పుట్టింట్లో ఎవరూ పట్టించుకోలేదు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన మూడో రోజు బంధువుల బంతిలో చారు పోస్తూ మరిచిపోయి గరిటె ఎడమ చేతిలోకి మార్చుకున్నాను. బంతిలో ఒక పెద్దామె విస్తరాకు మీద చెయ్యి అడ్డం పెట్టింది. అంతే. ఒక్క మాట కూడా అనలేదు. మా అత్త మొహం చిన్నబోయింది.

"మేయ్, ఆ చేత్తో వడ్డించకూడదని చెప్పలేదా మీ అమ్మ?" అనింది లోపలికి వచ్చినాక.

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అప్పుడు మామ వసారాలోంచే అన్నాడు. "ఎందుకే ఆ బిడ్డను అంటావు? ఎడం చెయ్యంటే అంత లోకువా? ప్రపంచంలోనే పెద్ద పయిల్వాన్ని పడగొట్టింది ఎడం చెయ్యే."

అత్త "మళ్లీ ఎత్తుకున్నాడు ఆ కథ" అని తల కొట్టుకుంది. ఆ కథ ఏందో ఆ రోజు సాయంత్రం విన్నాను. తర్వాత పదిహేడేళ్లలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

1980లో మహమ్మద్ అలీ మద్రాసుకు వచ్చాడు. నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్ అనే ఇంకో బాక్సర్‌తో ఎగ్జిబిషన్ పోటీ పెట్టారు. అంటే గెలుపు ఓటములు లేని, జనం చూడటానికి ఆడే ఆట. అప్పుడు మా మామకు ఇరవై మూడేళ్లు. మన చిత్తూరు వాళ్లకు తిరుపతి ఎంతో మద్రాసు కూడా అంతే కదా. పెళ్లి బట్టలకు మద్రాసు, పెద్ద జబ్బులకు మద్రాసు, సినిమా పిచ్చికి మద్రాసు. మామ ఇంట్లో చెప్పకుండా బెల్లం లారీ ఎక్కి పోయాడు. బెల్లం బుట్టల మధ్య పడుకుని, ఒళ్లంతా బంకతో, చీమలతో మద్రాసు చేరాడట. ఎం.జి.ఆర్.ను కూడా అక్కడే చూశానని చెబుతాడు. ఆ ముక్క వచ్చేసరికి అత్త కూడా పని ఆపి వింటుంది.

గ్యాలరీలో మామ పక్కన ఉత్తర మద్రాసు మనిషి ఒకాయన కూర్చున్నాడట. రేవులో మూటలు మోసే కూలీ. ఆ పక్క పేటల్లో బాక్సింగ్ అంటే మనకు కోడిపందెంలాంటిది. పరంపరలని జట్లు, వాటికి వస్తాదులు, తరతరాల పంతాలు. సార్పట్ట పరంపర అని సినిమా వచ్చింది చూడండి, ఆ లోకం. అరవంలో ఆయన చెబుతుంటే మామ వచ్చినంత వరకు అర్థం చేసుకున్నాడు. జనమంతా అలీ అలీ అని అరుస్తుంటే ఆయన మాత్రం, "వీడు గాలి. గాలిని పట్టుకున్నోడు ఒకడున్నాడు, ఫ్రేజర్" అన్నాడట.

అలీని చూడటానికి పోయిన మామ ఫ్రేజర్ కథ మోసుకొచ్చాడు.

జో ఫ్రేజర్ అమెరికాలో సౌత్ కరోలినా అనే రాష్ట్రంలో, బోఫోర్ట్ దగ్గర ఒక పల్లెలో 1944లో పుట్టాడు. నల్లజాతి కూలి కుటుంబం. ఇంటినిండా పిల్లలు. తండ్రి రూబిన్‌కు ఎడమ చెయ్యి లేదు. జో పుట్టకముందే ఎవరో కాల్చిన తుపాకీ దెబ్బకు పోయింది. నడక వచ్చినప్పటి నుంచీ ఈ పిల్లోడే తండ్రి వెంట తిరిగాడు. తండ్రి రంపం పట్టుకుంటే రెండో పక్క పట్టేది వీడే. మేకు కొడుతుంటే మేకు పట్టేది వీడే. తండ్రికి ఎడమ చెయ్యి తానే అయ్యాడు.

చిన్నప్పుడే ఇంకొకటి జరిగింది. వాళ్లింట్లో ఒక పెద్ద పంది ఉండేది. వీడు దాన్ని పుల్లతో పొడిచి పారిపోయేవాడు. ఒక రోజు దొడ్డి తలుపు తీసి ఉంది. పంది తరిమింది. వీడు పరిగెత్తి పడ్డాడు. ఎడమ చెయ్యి ఇటుకకు తగిలి విరిగింది. డాక్టరు దగ్గరికి పోయే డబ్బులు లేవు. ఎముక దానంతట అదే అతుక్కుంది, కానీ వంకరగా. ఆ చెయ్యి మళ్లీ పూర్తిగా చాచడం రాలేదు. మోచేతి దగ్గర ఎప్పుడూ కొంచెం వంగే ఉండేది.

బాక్సింగ్‌లో ఎడమ చేతిని వంచి, పక్కనుంచి తిప్పి దవడ మీద కొట్టే దెబ్బను లెఫ్ట్ హుక్ అంటారు. మోచెయ్యి వంగి ఉండటమే దాని ప్రాణం. ఎవరైనా ఏళ్ల తరబడి సాధన చేసి నేర్చుకునే ఆ వంపు వీడికి పందివల్ల వచ్చింది. తన చెయ్యి ఎప్పుడూ హుక్‌కు సిద్ధంగానే ఉండేదని ఫ్రేజర్ తర్వాత చెప్పుకున్నాడు.

వాళ్లింటికి ఒక టీవీ వచ్చింది. పక్కవాళ్లు, చుట్టాలు చేరి బాక్సింగ్ పోటీలు చూసేవాళ్లు. ఒక రోజు మామయ్య ఒకాయన ఈ బొద్దు పిల్లోడిని చూసి, వీడు ఇంకో జో లూయిస్ అవుతాడు అన్నాడట. జో లూయిస్ వాళ్లకు దేవుడులాంటి ఛాంపియన్. పెద్దవాళ్లు ఊరికే అన్న మాట పిల్లోడి మనసులో పడిపోయింది. మర్నాడే ఒక గోతాం తెచ్చి, అందులో పాత గుడ్డలు, మొక్కజొన్న కండెలు, చెట్లకు వేలాడే నాచు, నడిమధ్య ఒక ఇటుక పెట్టి కుట్టి చెట్టుకు కట్టాడు. రోజూ దాన్నే కొట్టేవాడు. ఏళ్ల తరబడి.

పదిహేనేళ్లకు బస్సెక్కి ఊరు విడిచాడు. ఫిలడెల్ఫియాలో కబేళాలో పని. వేలాడే మాంసం దబ్బలనే కొట్టి సాధన చేశాడు. రాకీ అనే సినిమాలో హీరో చేసేది అదే. ఒళ్లు తగ్గించుకుందామని వ్యాయామశాలకు పోయి బాక్సర్ అయ్యాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో సెమీఫైనల్లో ఎడమ బొటనవేలు విరిగితే, ఎవరికీ చెప్పకుండా ఫైనల్ ఆడి బంగారు పతకం గెలిచాడు.

హెవీవెయిట్లలో ఆయన పొట్టివాడు. అలీ 6 అడుగుల 3 అంగుళాలు, ఈయన 6 అడుగులకు కొంచెం తక్కువ. పొడుగోళ్లు దూరం నుంచే చేతులు చాపి కొడతారు. ఈయన చెయ్యి అంతదూరం అందదు. అందుకని నడుము దగ్గర వంగి, తల అటూ ఇటూ ఊపుతూ, ఎదుటివాడి దెబ్బల కిందనుంచి దూరి దగ్గరికి పోయేవాడు. వెనక్కి అడుగు వేసేవాడు కాదు. దగ్గరికి పోవాలంటే దెబ్బలు తినక తప్పదు. ఒక్క హుక్ కోసం నాలుగు దెబ్బలు తినేవాడు.

"దెబ్బ చేతిలో ఉండదమ్మా" అని మామ లేచి నిలబడి చూపించేవాడు. "చెరుకు నరికేటప్పుడు చూడు. కొత్తోడు చేత్తో నరుకుతాడు, సాయంత్రానికి భుజం పోతుంది. తెలిసినోడు పాదం తిప్పి నడుముతో నరుకుతాడు. కత్తి ఊరికే పైన ఉంటుంది, అంతే."

నాకు అది కల్లాపితో అర్థమైంది. మీరూ రేపు పొద్దున చూసుకోండి. బకెట్లో నీళ్లు చేత్తో విసిరితే కాళ్ల దగ్గరే పడతాయి. నడుము తిరిగితే వాకిలి చివరిదాకా పోతాయి. ఫ్రేజర్ హుక్ కూడా అంతేనంట. పాదం నుంచి పిర్రకు, పిర్ర నుంచి భుజానికి వచ్చి ఆఖర్న పిడికిలిలో దిగుతుంది. అది పక్కనుంచి వస్తుంది కాబట్టి ఎదుటివాడి కంటికి ఆనదు. దవడ మీద తగిలితే తల గిర్రున తిరుగుతుంది. లోపల మెదడు అదురుతుంది. కాళ్లకు సంగతి అందదు. మనిషి కూలిపోతాడు.

1971 మార్చి 8న న్యూయార్క్‌లో అలీ, ఫ్రేజర్ తలపడ్డారు. అప్పటిదాకా ఇద్దరికీ ఓటమి లేదు. చెరి పాతిక లక్షల డాలర్లు. పదిహేనో రౌండులో, ఇక చివరి నిమిషాలనగా, ఆ వంకర చెయ్యి వచ్చి అలీ దవడ మీద తగిలింది. అలీ వెల్లకిలా పడ్డాడు. వెంటనే లేచాడు కూడా. కానీ ముగ్గురు న్యాయనిర్ణేతలూ ఫ్రేజర్‌దే గెలుపన్నారు.

ఈ కథ విన్న తర్వాత మా ఇంట్లో ఎవరూ నన్ను ఎడమచెయ్యి గురించి అనలేదని కాదు. అత్త అప్పుడప్పుడూ అనేది. కానీ అనగానే వసారాలోంచి ఒక దగ్గు వినిపించేది. ఆ దగ్గు చాలు నాకు.

రెండేళ్ల కిందటి మాట. చెరుకు నరుకుళ్ల రోజులు. గానుగ కాడ రాత్రంతా మేలుకుని వచ్చి మామ పడుకున్నాడు. ఐదింటికి లేచి, "ఎడం చెయ్యి బరువుగా ఉందమ్మా, ఎవరిదో చెయ్యి తెచ్చి తగిలించినట్టుంది" అన్నాడు.

"ఒత్తుకుని పడుకున్నావేమో మామా" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఇప్పటికీ పొయ్యి దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు అది నాకు వినిపిస్తుంది.

కాఫీ ఇచ్చాను. ఎడమ చేత్తో అందుకోబోయాడు. గ్లాసు జారి పడింది. తుడిచి ఇంకో గ్లాసు ఇచ్చాను. కొబ్బరినూనె కాచి చెయ్యి రుద్దాను. ఎనిమిదికి నోరు ఒక పక్కకు జారింది. అప్పుడు కేక పెట్టాను. మా ఆయన బెంగళూరులో ఉంటాడు, శనివారం వస్తాడు. పక్కింటి అబ్బాయి కారు తీశాడు. చిత్తూరు, అక్కడినుంచి ఇంకో ఊరు, అక్కడ స్కానింగు. డాక్టరు చూసేసరికి పదకొండు దాటింది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఒకటే. "ఎప్పుడు మొదలైంది?"

ఐదింటికి అన్నాను.

మెదడులో రక్తం గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉందట. మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలట. మాకు ఆరు గంటలు దాటిపోయింది. ఆయన నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇది చదువుతున్న మీరు ఒక్కటి గుర్తు పెట్టుకోండి. ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి మొహం ఒక పక్కకు జారితే, రెండు చేతులూ పైకెత్తమంటే ఒకటి కిందికి దిగిపోతే, మాట ముద్దగా వస్తే, నూనె రుద్దుతూ కూర్చోకండి. గడియారం చూడండి. 108కి ఫోన్ చేయండి. ఈ మూడింట్లో ఒక్కటి కనిపించినా చాలు. ఇంకొకటి. "బాగానే ఉండా కదా" అని బీపీ మాత్రలు మానేసే వాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మా ఇంట్లో మామ. మాత్రల డబ్బా ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పూచీ అది.

మెదడులో కుడి పక్క దెబ్బ తగిలితే ఒంట్లో ఎడమ పక్క పడిపోతుంది. మాట కొంచెం ముద్దయినా మామకు నిలిచింది. కాలు నెల రోజులకు కదిలింది. చెయ్యి మాత్రం కొమ్మకు తగిలించిన గుడ్డలా వేలాడింది.

ఇంటికి తెచ్చినాక మామ మాట్లాడటం మానేశాడు. మాట రాక కాదు. అత్తకు మోకాళ్లు పట్టుకుపోయి వంగలేదు. నీళ్లు పోయడం, పంచె కట్టడం, అన్నం కలిపి పెట్టడం అన్నీ నేనే. కోడలి చేత నీళ్లు పోయించుకోవడం ఆయనకు ఎంత కష్టంగా ఉందో ఆ మూసుకున్న కళ్లే చెప్పేవి. నాకూ మొదట్లో చెయ్యి వణికింది. ఎవరికి చెప్పుకుంటాం?

పలకరించడానికి వచ్చేవాళ్లు వచ్చారు. బాగా కావలసిన బంధువు ఒకాయన ధైర్యం చెప్పబోయి, "పోతే ఎడం చెయ్యే కదా, పోనీలే. కుడి చెయ్యి బాగుంది కదా, చాలు" అన్నాడు.

నేను అప్పుడు ఆయనకు మజ్జిగ ఇస్తున్నాను. ఏ చేత్తో అంటారా? ఎడమ చేత్తోనే. మామ నా చెయ్యి వైపు చూశాడు. దగ్గలేదు. తల తిప్పి గోడవైపు పడుకున్నాడు.

ఆ రాత్రి నేను చాలాసేపు ఏడ్చాను. మాట దెబ్బకు వాపు కనిపించదు. అలీ, ఫ్రేజర్‌ల విషయంలో కూడా జరిగింది అదే. వియత్నాం యుద్ధానికి పోనని చెప్పి అలీ 1967లో ఆటకు దూరమైనప్పుడు, అతను మళ్లీ ఆడేలా చూడమని ఫ్రేజర్ అడిగాడు, చేబదులు కూడా ఇచ్చాడు. తీరా పోటీ వచ్చేసరికి అలీ అతన్ని తెల్లవాళ్ల తొత్తు అన్నాడు, తర్వాత గొరిల్లా అన్నాడు. ఇస్కూల్లో ఫ్రేజర్ పిల్లలను తోటి పిల్లలు ఆ మాటలతోనే ఏడిపించారట. దెబ్బలు మానిపోయాయి కానీ ఆ మాటలు ముప్పై ఏళ్లు మానలేదు. 2001లో అలీ పత్రికాముఖంగా క్షమాపణ చెప్పాడు. 2011 నవంబరులో కాలేయ క్యాన్సర్‌తో ఫ్రేజర్ పోయినప్పుడు, పార్కిన్సన్స్ జబ్బుతో వణుకుతూనే అలీ వచ్చి నిలబడ్డాడు.

ఏదైనా దారి చూపింది మా చిన్నోడే. ఎనిమిదో తరగతి. తాత కథలు విని పెరిగినవాడు. ఫిజియోథెరపీ చేయడానికి చిత్తూరు నుంచి వారానికి రెండు సార్లు ఒక అమ్మాయి వచ్చేది. ఆ పిల్ల మొదటి రోజే మమ్మల్ని మందలించింది. మేం మామను లేపేటప్పుడు ఎడమ చంకలో చెయ్యేసి లాగేవాళ్లం. పట్టు లేని భుజం అలా లాగితే కీలు జారిపోతుందట, ఆ నొప్పి జన్మంతా ఉంటుందట. ఎవరికీ తెలియదు కదా, అందుకే చెబుతున్నాను. నడుము పట్టుకుని లేపాలి. ఒక పని వెయ్యిసార్లు చేస్తే మెదడులో చెడిపోయిన దారి పక్కన కొత్త దారి పడుతుందని కూడా చెప్పింది. రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. మామ దాన్ని తీసి మంచం కింద పడేశాడు. "నేనేమన్నా పసిబిడ్డనా?"

ఒక ఆదివారం చిన్నోడు మాట్లాడకుండా ఒక గోతాం తెచ్చుకుని కూర్చున్నాడు. పాత చీరలు, చెనక్కాయ పొట్టు నింపాడు. "ఏందిరా అది?" అన్నాను. "ఫ్రేజర్ గోతాం" అన్నాడు. ఇటుక కోసం వెతుకుతుంటే అదొక్కటి వద్దన్నాను. వాళ్ల నాయన ఉన్నాడు ఆ రోజు. ఇద్దరూ కలిసి గానుగ కాడి మోకు తెచ్చి వేపకొమ్మకు కట్టారు.

మామ వసారాలో కూర్చుని అంతా చూశాడు. సాయంత్రం దాకా ఏమీ అనలేదు. దీపాలు పెట్టే వేళకు, "నన్ను ఆడికి తీసుకుపోమ్మా" అన్నాడు.

కొట్టడం కాదు. చెయ్యి లేవదు. నేను ఆయన మోచేతి కింద నా చెయ్యి పెట్టి ఆసరా ఇచ్చాను. భుజం కదలలేదు. అప్పుడు ఆయన పాదం కొంచెం తిప్పాడు. నడుము తిరిగింది. నడుముతో పాటు ఆ చెయ్యి ఊగి వెళ్లి గోతాంకు తగిలింది. తగిలీ తగలనట్టు. గోతాం కదిలిందో లేదో కూడా తెలియదు.

"చూసినావా? దెబ్బ చేతిలో ఉండదని చెప్పలే?" అన్నాడు.

మూడు నెలల్లో ఆయన నోట వచ్చిన మొదటి పొడుగు మాట అది. ఫిజియో అమ్మాయి వచ్చి చూసి నవ్వింది. నెట్టండి, కొట్టకండి, భుజం కంటే పైకి ఎత్తకండి అని హద్దులు పెట్టింది.

అత్తకు ఇవన్నీ నమ్మకం లేదు. ఆమె నమ్మకం వేరే. మా మండలంలోనే కాణిపాకం ఉంది కదా. వినాయకుడి బావి కథ అందరికీ తెలుసు. గుడ్డి, మూగ, చెవిటి అన్నదమ్ములు ముగ్గురు బావి తవ్వితే పార స్వామికి తగిలి, ఆ నెత్తురునీళ్లు తాకి ముగ్గురి లోపాలూ పోయాయని. దాని పక్కన పారే బాహుదా కథ మాత్రం చాలామందికి తెలియదు. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. తమ్ముడు ఆకలికి తాళలేక అనుమతి లేని పండు తిన్నాడని అన్న రాజుకు చెప్పాడు. రాజు తమ్ముడి రెండు చేతులూ నరికించాడు. ఆ ఏట్లో మునిగితే చేతులు మళ్లీ వచ్చాయి. బాహువులు ఇచ్చిన ఏరు కాబట్టి బాహుద.

"చేతులిచ్చే ఏటి పక్కన పుట్టి ఎవరో అమెరికావోడి గోతాం పట్టుకుని వేలాడతావా?" అని అత్త సాధించింది. ఒక బుధవారం అందరం పోయాం. ఏట్లో నీళ్లు లేవు, ఇసుక, ముళ్లకంపలు. అత్త కొళాయి నీళ్లు చెంబులో పట్టుకొచ్చి మామ ఎడమ చెయ్యి మీద పోసింది. మామ ఆ చేతినే చూస్తూ, "ఆ లిఖితుడు రెండూ ఒక్క మునకలో తెచ్చుకున్నాడు. నాకు ఒకటే కదా, అదీ చెంబు నీళ్లకు... వాయిదాల్లో వస్తుందిలే" అన్నాడు. అత్త నవ్వలేక నవ్వింది. తర్వాత కొంగుతో ఆ చెయ్యి వేలు వేలూ తుడిచింది. నేను గుడి గోపురం వైపు తిరిగి నిలబడ్డాను.

అన్నీ నవ్వులే కాదు. కొంచెం కదలిక వచ్చేసరికి మామకు మొండితనం వచ్చింది. నేను గుడికి పోయిన పూట ఒక్కడే చెట్టు కిందికి పోయి, గంటసేపు ఆ గోతాంను బాదాడు. సాయంత్రానికి భుజం ఉబ్బింది. రాత్రంతా నిద్ర లేదు. మర్నాడు నేను మోకు విప్పి గోతాంను అటక మీద పడేశాను.

"ఎవరినడిగి తీసినావు?"

"ఎవరినీ అడగలేదు మామా. పది రోజులు ఉండదు అది."

పదిహేడేళ్లలో ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, మొహం చూడలేదు. అత్త కూడా, "పెద్దాయన్ను అట్లా అనొచ్చునా?" అంది. నాకు నిజంగా భయమేసింది. ఉన్న ఆ ఒక్క ఆశా నేనే తీసి అటక మీద పెట్టానా అని.

నాలుగో రోజు చిన్నోడు ఫోన్ తీసుకుని తాత పక్కన కూర్చున్నాడు. 1975 అక్టోబరు 1, మనీలా. అలీ, ఫ్రేజర్‌ల మూడో పోటీ. పధ్నాలుగు రౌండ్లు అయ్యాయి. ఇంకొక్కటే మిగిలింది. ఫ్రేజర్ కుడి కన్ను వాచి మూసుకుపోయింది. ఎడమ కన్ను చూపు ముందునుంచే సరిగా లేదు. ఎటునుంచి దెబ్బ వస్తోందో కనబడటం లేదు. ఆయన ఆడతాననే అంటున్నాడు. గురువు ఎడ్డీ ఫచ్ ఒప్పుకోలేదు. పోటీ ఆపేయించాడు. అలీ గెలిచాడు. అవతలి మూలలో అలీకి కూడా లేచి నిలబడే ఓపిక లేదు. ఇంకొక్క రౌండు ఆడి ఉంటే ఎవరు గెలిచేవారో అని జనం ఇప్పటికీ వాదించుకుంటారు. కానీ ఫ్రేజర్ ఇంకా ముప్పై ఆరేళ్లు బతికాడు.

మామ ఆ వీడియో చూసి ఫోన్ పక్కన పెట్టాడు. కాసేపటికి వంటింటి గుమ్మం దాకా కర్ర పట్టుకుని వచ్చాడు. "ఇంకా ఎన్ని రోజులమ్మా నా గోతాం?" అన్నాడు.

"ఏడు రోజులు మామా."

"సరేలే. నువ్వు చెప్పినప్పుడే కడదాం."

ఆ పూట సంగటి అడుగంటింది. నేను చూసుకోలేదు.

ఈ మధ్య టీవీలో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ గురించి వచ్చింది. 2017లో భుజానికి దెబ్బ తగిలి చాలాకాలం ఆటకు దూరమై, 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయిందని. ఆమె బరువు 52 కిలోల తరగతి, మన ఫ్రేజర్‌లో సగానికి కొంచెం ఎక్కువ, అంతే. మామ కళ్లార్పకుండా చూసి, "భుజం పోయినా తిరిగొచ్చింది చూడు ఆ బిడ్డ" అన్నాడు. అత్త పక్కనుంచి, "ఆడపిల్లకు మొహం మీద దెబ్బలేంది?" అని మొదలుపెట్టి, ఆ పిల్ల చెయ్యి పైకెత్తినప్పుడు తానే చప్పట్లు కొట్టింది.

మామ చెయ్యి పూర్తిగా రాలేదు. వస్తుందని డాక్టరు కూడా చెప్పలేదు. మోచెయ్యి ఇప్పటికీ వంగే ఉంటుంది, పూర్తిగా చాచలేడు. వేళ్లు మూసుకుంటాయి, తెరుచుకోవడానికి టైం పడుతుంది. నా తప్పు కూడా పోలేదు. ఆ ఆరు గంటలు ఎక్కడికీ పోవు. ఒక రోజు ధైర్యం చేసి మామతో అన్నాను, ఆ పొద్దున నేను వెంటనే తీసుకుపోయి ఉంటే అని. ఆయన నన్ను మాట పూర్తి చేయనివ్వలేదు. "పక్కనుంచి వచ్చే దెబ్బ ఎవరికీ కనబడదమ్మా" అన్నాడు. అంతే. మళ్లీ ఆ సంగతి ఎత్తనివ్వలేదు.

మొన్న ఒక చిన్న సంగతి జరిగింది. మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి పెట్టాను. మామ కుడి చేత్తో ముద్ద తుంచుతుంటే తట్ట జరిగిపోతూ ఉంటుంది. రోజూ నేను పక్కన కూర్చుని తట్ట పట్టుకుంటాను. ఆ రోజు బయట కోడిపిల్లలను కాకి తన్నుకుపోతుంటే లేచి పరిగెత్తాను. వచ్చేసరికి తట్ట కదలకుండా ఉంది. ఆయన ఎడమ చెయ్యి వచ్చి అంచు మీద కూర్చుంది. నాలుగు వేళ్లు లోపలికి, బొటనవేలు బయటికి. ఆయన చూసుకోలేదు. తింటూ ఉన్నాడు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

అత్త కూడా చూసింది. ఏమీ అనొద్దని వేలితో నాకు సైగ చేసింది. లోపలినుంచి నెయ్యి గిన్నె తెచ్చి నా చేతికి ఇచ్చింది. నేను అలవాటుగా స్పూను ఎడమ చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ మార్చుకోబోయాను.

"ఉండనీలేమ్మే, పొయ్యి" అంది అత్త.